మినీ ట్రాక్టరుకు ఎన్ని అడుగుల స్లాషర్ సరిపోతుంది? తోట రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మామిడి కోత ముగిసి, తొలకరి వానలు రెండు పడ్డాయంటే నూజివీడు వైపు తోటల్లో గడ్డి మోకాలి ఎత్తుకొస్తుంది. ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి కోసే స్లాషర్ కోసం మా షెడ్డుకు ఫోన్లు అప్పుడు మొదలవుతాయి. "అన్నా, నాది 24 హెచ్‌పీ బండి. ఐదడుగుల స్లాషర్ లాగుద్దా?" అని ఒక్క మాటలో జవాబు చెప్పమంటారు. ఒక్క మాటలో అయితే, నాలుగడుగులది తీసుకోండి అంటాను. ఎందుకో వినే ఓపిక ఉన్నవాళ్ల కోసం ఇది రాశాను. 15 నుంచి 30 హెచ్‌పీ మధ్య ఉన్న మినీ ట్రాక్టర్లకే ఈ లెక్కలు. 45 హెచ్‌పీ పెద్ద బండి ఉన్నవాళ్లకు ఇందులో సగం అవసరం పడదు.

స్లాషర్, బుష్ కట్టర్, రోటరీ మోవర్... ఇవన్నీ ఒకటేనా?

బుష్ కట్టర్ అంటే మన దగ్గర భుజానికి తగిలించుకునే పెట్రోలు మెషిన్. దాని సంగతి వేరు. స్లాషర్‌నే కొందరు రోటరీ మోవర్ అంటారు. ట్రాక్టరు వెనక మూడు పాయింట్లకు తగులుతుంది. పీటీఓ, అంటే ఇంజను పవర్‌ను వెనక పనిముట్టుకు అందించే చోటు. అక్కడ తగిలించిన షాఫ్టు పైనున్న గేర్ బాక్సును తిప్పితే, దాని అడుగున ఒక అడ్డపట్టీ తిరుగుతుంది. ఆ పట్టీ రెండు చివర్లా కత్తులు ఒక్కో బోల్టు మీద వేలాడుతుంటాయి. అవి బిగించి ఉండవు. వేగానికి బయటికి విసురుకుని తిన్నగా చాచుకుంటాయి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. కొత్తగా కొన్నవాళ్లు కత్తి ఊగుతోందని బోల్టు టైట్ చేసిన సందర్భాలు ఉన్నాయి. అది అలా ఊగాలి.

నా ట్రాక్టరు 24 హెచ్‌పీ. లెక్క దాంతోనే వేసుకోవాలా?

వద్దు. బానెట్ మీద రాసిన నంబరు ఇంజను దగ్గరి లెక్క. గేర్లలో, హైడ్రాలిక్ పంపులో కొంత పోగా వెనక పీటీఓ దగ్గరికి వచ్చేసరికి పది నుంచి ఇరవై శాతం తగ్గుతుంది. అంటే 24 అని రాసిన బండి స్లాషర్‌కు ఇచ్చేది 19 నుంచి 21. బ్రోషర్‌లో "పీటీఓ హెచ్‌పీ" అని చిన్న అక్షరాల్లో విడిగా ఉంటుంది, చూసేది అదే. బ్రోషర్ మీద నమ్మకం లేకపోతే, మధ్యప్రదేశ్ బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ల పరీక్షా కేంద్రం ఇచ్చే రిపోర్టులో పీటీఓ పవర్ కొలిచి రాస్తారు. కొనేముందు మీ మోడల్ రిపోర్టు చూపించమని అడగడం మీ హక్కు. షోరూంలో కాస్త మొహం చిట్లిస్తారు, అంతే.

మరి అడుగుకు ఎంత హెచ్‌పీ కావాలి?

అడుగు వెడల్పుకు 5 పీటీఓ హెచ్‌పీ. చాలా చోట్ల చెల్లే మోటు లెక్క ఇది. పీటీఓ దగ్గర 20 వచ్చే బండికి నాలుగడుగులు. ఇంజను 18 అయితే పీటీఓ దగ్గర 15 వస్తుంది, మూడడుగులు చాలు. 27, 28 హెచ్‌పీ బండ్లకు నాలుగున్నర. మహీంద్రా యువరాజ్ 215 లాంటి 15 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ బండికి మూడడుగులది కూడా కాస్త ఎక్కువే. దానితో గడ్డి లేతగా ఉన్నప్పుడే కోసేయాలి.

ఈ ఐదు అనేది గడ్డిని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. ఎండిన గరిక, మోకాలి లోపు ఉన్న వయ్యారిభామ అయితే అడుగుకు నాలుగు సరిపోతుంది. వానకు తడిసి పడిపోయిన గడ్డి, గట్టు పక్కన మనిషెత్తు పెరిగిన రెల్లు అయితే ఆరు కూడా తక్కువే. తడి గడ్డి పళ్లెం (కత్తుల పైన కప్పిన ఇనుప రేకు) కింద ముద్దలా అంటుకుని కత్తులతో పాటే తిరుగుతుంది. కోసిన గడ్డినే మళ్లీ మళ్లీ కొడుతూ ఇంజను దాని మీద పవరంతా పెడుతుంది. పొద్దున్నే మంచులో మొదలుపెట్టొద్దని మేం చెప్పేది ఇందుకే. తొమ్మిది దాటనివ్వండి.

స్లాషర్ ట్రాక్టరు కంటే సన్నగా ఉంటే ఇబ్బందా?

ఇబ్బందే. టైరు తొక్కిన గడ్డి నేలకు అంటుకుపోతుంది, కత్తికి అందదు. రెండో రోజు లేచి నిలబడి మిమ్మల్ని వెక్కిరిస్తుంది. అందుకని వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా టేపు పెట్టి కొలవండి. తోట బండ్లలో చాలావాటికి అది మీటరు నుంచి మీటరుంపావు లోపు ఉంటుంది. స్లాషర్ కోత వెడల్పు దానికి సమానంగానో, నాలుగు వేళ్లు ఎక్కువగానో ఉండాలి.

ఇక్కడొక మెలిక ఉంది. నాలుగడుగుల స్లాషర్ అంటే కత్తులు కోసే వెడల్పు నాలుగడుగులు, అంటే 1.2 మీటర్లు. బయటి రేకుతో కొలిస్తే ఇంకో పది సెంటీమీటర్లు ఉంటుంది. కొందరు రేకు కొలత చెప్పి అమ్ముతారు. పళ్లెం కిందికి వంగి, కత్తి కొస నుంచి కొస దాకా మీరే కొలుచుకోండి. పీటీఓ షాఫ్టు ఊడదీసి ఉన్నప్పుడే ఆ పని చేయండి.

పవర్ లెక్క మూడడుగులని, టైరు లెక్క నాలుగని చెబితే ముందు టైర్లు లోపలికి జరుపుకోవచ్చేమో చూడండి. చాలా మినీ బండ్లలో వెనక చక్రం డిస్కు తిప్పి బిగిస్తే వెడల్పు తగ్గుతుంది. వాలు నేల అయితే మాత్రం ఆ పని చేయకండి, బండి పక్కకు పడుతుంది.

ఐదడుగులది కొంటే పని తొందరగా అయిపోతుంది కదా?

కాగితం మీద అవుతుంది. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, మలుపులకు ఇరవై శాతం తీసేస్తే నాలుగడుగులది గంటకు ఎకరానికి కొద్దిగా తక్కువ కోస్తుంది. ఐదడుగులది ఎకరం ఇరవై సెంట్ల దాకా కోస్తుంది. ఎకరానికి పన్నెండు, పదమూడు నిమిషాలు మిగులుతాయి. అయితే 20 పీటీఓ హెచ్‌పీతో ఐదడుగులది నాలుగు కిలోమీటర్ల వేగంతో వెళ్లలేదు. ఇంజను గుర్రుమంటుంటే గేరు తగ్గించాలి. ఆ పన్నెండు నిమిషాలు అక్కడే పోతాయి.

అసలు తేడా తెలిసేది చెట్ల వరుసల మధ్య. ఇరవై అడుగుల ఎడంతో పెట్టిన బత్తాయి తోట అనుకోండి. రెండు పక్కలా కొమ్మలు పరుచుకున్నాక మధ్యలో మిగిలేది సుమారు మూడు మీటర్లు. ఐదడుగులతో, అంటే మీటరున్నరతో, రెండు సాళ్లలో అయిపోవాలి. కానీ సాలుకు సాలు అర అడుగు కలిపి నడపకపోతే మధ్యలో గడ్డి జుట్టులా నిలబడుతుంది. కలిపితే రెండు సాళ్లలో వచ్చేది 2.85 మీటర్లే. మిగిలిన అర అడుగు పట్టీ కోసం మూడోసారి తిరగాలి. నాలుగడుగులతోనూ మూడు సాళ్లే. మరి అదనంగా పెట్టిన డబ్బుకు వచ్చిందేంటి? కొమ్మలకు తగులుకునే రేకు.

అందుకే నేను ముందు అడిగేది బండి హెచ్‌పీ కాదు, మీ చెట్ల వరుసల ఎడం ఎంత అని. ఆయిల్ పామ్ తోటలు దీనికి భిన్నం. తొమ్మిది మీటర్ల త్రికోణం పద్ధతిలో ఎకరానికి 57 మొక్కలు ఉంటాయి, మధ్యలో చోటు పుష్కలం. అశ్వారావుపేట వైపు నుంచి వచ్చే రైతులు ఐదడుగులు అడగడంలో అర్థం ఉంది. కాకపోతే వాళ్లకు బండి కూడా 35 హెచ్‌పీ పైన ఉండాలి. నరికిన ఆయిల్ పామ్ మట్టలను స్లాషర్‌తో కొట్టాలని చూడకండి. మట్ట కాడ బెల్టులా చుట్టుకుంటుంది.

లిఫ్ట్ 750 కేజీలు ఎత్తుతుందని రాశారు. 250 కేజీల స్లాషర్ లెక్కా?

హైడ్రాలిక్ ఎత్తుతుంది. ముందు టైర్లు కూడా లేస్తాయి.

ఈ ప్రశ్నకు జవాబు నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఆరేడేళ్ల కింద అద్దెకు తిప్పుదామని 24 హెచ్‌పీ బండికి ఐదడుగులది తెచ్చాను. "మా దగ్గర అందరూ ఇదే వేస్తున్నారు" అని అమ్మినాయన భరోసా ఇచ్చాడు. చదును నేల మీద బాగానే నడిచింది. మూడో రోజు కాలవ గట్టెక్కుతున్నాను. స్లాషర్ పైకెత్తి ఉంది. స్టీరింగ్ ఒక్కసారిగా వెన్నపూసలా తేలికైపోయింది. కిందికి చూస్తే కుడి పక్క ముందు టైరు జానెడు ఎత్తులో గాలిలో తిరుగుతోంది. లిఫ్ట్ లివర్ కిందికి తోశాను కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను.

లెక్క ఇలా ఉంటుంది. మినీ ట్రాక్టరు బరువు 800 కేజీలు అనుకుందాం. అందులో ముందు ఇరుసు మీద నలభై శాతం, అంటే 320. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. ఐదడుగుల స్లాషర్ బరువు 250 కేజీలు. దాని బరువంతా మోసే నడి పాయింటు వెనక ఇరుసుకు 1.4 మీటర్ల వెనక ఉంటుంది. 250ని 1.4తో గుణించి 1.5తో భాగిస్తే 233. అంటే స్లాషర్ ఎత్తగానే ముందు టైర్ల మీద నుంచి 233 కేజీలు ఎగిరిపోతాయి, మిగిలేది 87. స్టీరింగ్ మాట వినాలంటే మొత్తం బరువులో కనీసం ఇరవై శాతం ముందు ఉండాలి. ఇక్కడ మొత్తం 1050 కాబట్టి 210 కావాలి. మనకున్నది 87.

ఇప్పుడు నాలుగడుగులది పెట్టండి. బరువు 180, దూరం 1.25. ముందు నుంచి పోయేది 150, మిగిలేది 170. ఇదీ కొంచెం తక్కువే. బంపర్ దగ్గర అరవై కేజీల వెయిట్లు తగిలిస్తే, అవి ఇరుసుకు అరమీటరు ముందుంటాయి కాబట్టి ముందు టైర్ల మీద ఎనభై పడుతుంది. 170కి 80 కలిస్తే 250, ఇరవై నాలుగు శాతం. నిశ్చింతగా నడపొచ్చు. ఐదడుగులదానికి అవే వెయిట్లు వేసినా పదిహేను శాతం దాటదు.

నా లెక్క మీద గురి కుదరకపోతే వేబ్రిడ్జికి తీసుకెళ్లండి. స్లాషర్ తగిలించి, పైకెత్తి, ముందు టైర్లు రెండే కాటా మీద పెట్టండి. తర్వాత బండి మొత్తం ఎక్కించండి. రెండు చీటీలు పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. లారీలు తూచే కాటా కదా, పది కేజీలు అటూ ఇటూ చూపిస్తుంది. దానికేం ఫర్వాలేదు.

పీటీఓలో రెండు స్పీడ్లు ఉన్నాయి. పైదానిలో నడిపితే బాగా కోస్తుందా?

కోస్తుంది, తర్వాత విడిపోతుంది. ఈ స్లాషర్లు 540 తిప్పులకు కట్టినవి. గేర్ బాక్సు దాన్ని దాదాపు రెండింతలు చేసి కత్తులను నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పుతుంది. కొన్ని మినీ బండ్లలో 750, 980 అని రెండో స్పీడు ఉంటుంది. అది చిన్న పంపులకు, స్ప్రేయర్లకు. స్లాషర్‌ను దాంట్లో వేస్తే బేరింగులు, కత్తుల బోల్టులు తట్టుకోవు. లివర్ ఎక్కడుందో చూసుకుని ఎక్కండి.

క్లచ్ తొక్కినా బండి ముందుకు తోసుకుపోతోంది, ఎందుకు?

సింగిల్ క్లచ్ బండి అయి ఉంటుంది, అంటే చక్రాలకూ పీటీఓకూ ఒకటే క్లచ్. ముప్పై, నలభై కేజీల ఇనుము కింద గిర్రున తిరుగుతోంది. మీరు క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది కానీ కత్తుల జోరు షాఫ్టు ద్వారా గేర్ బాక్సులోకి ఎదురొచ్చి చక్రాలను తిప్పుతుంది. ఆ చివర గట్టున్నా, కంచె ఉన్నా, మనిషి ఉన్నా బండి ఆగదు. దీనికి ఓవర్ రన్నింగ్ క్లచ్ అని ఒక ముక్క వస్తుంది, పీటీఓకూ షాఫ్టుకూ మధ్య వేస్తారు. సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే, ఒక పక్కకే పట్టు. డ్యూయల్ క్లచ్ లేదా విడిగా పీటీఓ క్లచ్ ఉన్న బండ్లకు అవసరం లేదు. మిగిలినవాళ్లు స్లాషర్‌తో పాటే ఇది కొనండి. ఆ ముక్క వేస్తే షాఫ్టు ఆ మేరకు వెనక్కి జరుగుతుంది, పొడవు మళ్లీ చూసుకోవాలి.

షాఫ్టు పొడవు ఎలా చూడాలి?

పెద్ద బండికి వచ్చిన షాఫ్టును మినీకి అలాగే తగిలిస్తే, లిఫ్ట్ ఎత్తినప్పుడు ఒక చోట గొట్టం గొట్టానికి తన్నుకుని పీటీఓ బేరింగును లోపలికి గుద్దుతుంది. స్లాషర్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ షాఫ్టు అతి పొట్టిగా అయ్యే చోటు పట్టుకోండి. అక్కడ కూడా రెండు, మూడు సెంటీమీటర్లు ఖాళీ మిగలాలి. అతి పొడవయ్యే చోట గొట్టాలు మూడో వంతయినా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. కోయాల్సి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, పైనున్న ప్లాస్టిక్ తొడుగులు అన్నీ ఒకే కొలత కోయాలి. తొడుగులు తీసి అవతల పారేయడం మన దగ్గర అలవాటు. తిరిగే షాఫ్టుకు లుంగీ కొస చాలు, లోపలికి లాగేస్తుంది.

షేర్ బోల్టు మాటిమాటికీ తెగుతోంది. గట్టి బోల్టు వేస్తే?

షాఫ్టు దగ్గర కావాలనే మెత్తగా పెట్టిన బోల్టు అది. తెగడమే దాని ఉద్యోగం. రాయి తగిలినప్పుడు అది తెగకపోతే గేర్ బాక్సు పళ్లు తెగుతాయి. పుస్తకంలో ఏ గ్రేడు చెప్పారో అదే వేయండి, టూల్ బాక్సులో అరడజను ఉంచుకోండి. రోజుకు మూడు తెగుతున్నాయంటే తప్పు బోల్టుది కాదు. ఎత్తు మరీ తక్కువ పెట్టి మట్టిని కొడుతున్నారో, బండి తట్టుకోలేని వెడల్పు తగిలించారో చూడండి. బోల్టు బదులు, లోడు ఎక్కువైతే జారే స్లిప్ క్లచ్ ఉన్న షాఫ్టు వస్తే మంచిదే. అయితే ఏడాదంతా వాడకుండా ఉంచితే ప్లేట్లు తుప్పు పట్టి అంటుకుపోతాయి. సీజను ముందు స్ప్రింగులు వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, మళ్లీ బిగించాలి.

సర్కారు తుమ్మ కోస్తుందా?

బొటనవేలి లావు దాకా, అది కూడా గేరు తగ్గించి. అంతకు మించి లావున్నది కొడవలితోనో రంపంతోనో నరకండి. మినీ ట్రాక్టరుకు సరిపడే తేలికపాటి స్లాషర్లు గడ్డికి, లేత పొదలకే. నరికిన మోడు వాడిగా మిగిలి మీ టైరుకే గుచ్చుకుంటుంది, అది వేరే ఖర్చు.

డ్రిప్పు పైపులు ఉన్నాయి, ఎలా?

చెట్టు మొదలు వైపు జరిపి పెట్టుకోవడం తప్ప దారి లేదు. గడ్డిలో దాక్కున్న లేటరల్ పైపు ఒక్కటి కత్తికి చిక్కితే వరుస మొత్తం పీక్కుని దారం ఉండలా పట్టీకి చుట్టుకుంటుంది. దాన్ని బ్లేడుతో కోస్తూ మధ్యాహ్నమంతా కూర్చోవాలి. కోత మొదలుపెట్టకముందే వరుసల్లో ఒక మనిషిని నడిపించి చూడండి. కోత ఎత్తు మూడు అంగుళాలు పెట్టండి. పళ్లెం ముందు అంచు వెనకదానికంటే అర అంగుళం కిందికి ఉండేలా టాప్ లింక్ (మూడు పాయింట్లలో పైదాని కడ్డీ) సర్దితే బండి తేలిగ్గా లాగుతుంది.

రోటవేటర్ ఉంది కదా, మళ్లీ స్లాషర్ ఎందుకు?

రోటవేటర్ నేలను కూడా తిప్పుతుంది, పైపైనున్న పీచు వేళ్లను తెంపుతుంది. తుంగ ఉంటే గడ్డలను ముక్కలు చేసి తోటంతా నాటి పెడుతుంది. స్లాషర్ గడ్డిని మాత్రమే కొట్టి అక్కడే పరుస్తుంది. వానాకాలంలో మట్టి కొట్టుకుపోదు. నవంబరులో పూతకు ముందు దుక్కి వేరే విషయం. మల్చర్ అయితే ఇంకా మెత్తగా చేస్తుంది కానీ అడుగుకు హెచ్‌పీ ఎక్కువ అడుగుతుంది. మినీ బండికి నేను చెప్పను.

సబ్సిడీ వస్తుందా?

వ్యవసాయ యాంత్రీకరణకు కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన పథకం మార్గదర్శకాల్లో ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు, మహిళా రైతులకు యాభై శాతం, మిగతావారికి నలభై శాతం, ఒక గరిష్ఠ పరిమితి దాకా అని ఉంది. ఈ ఏడాది మీ మండలానికి ఏయే పరికరాలు వచ్చాయో వ్యవసాయ లేదా ఉద్యాన అధికారిని అడగండి. సబ్సిడీ లిస్టులో ఉన్నది ఐదడుగులదేనని అదే తీసుకునేవాళ్లు ఉన్నారు. సగం ధరకు వచ్చినా ముందు టైర్లు లేస్తాయి.

అమెరికాలో మా అబ్బాయి ఐదెకరాలు కొన్నాడు, 25 హెచ్‌పీ ట్రాక్టరు. అక్కడ కూడా ఇదే లెక్కా?

అదే లెక్క. అక్కడ దీన్ని బుష్ హాగ్ అంటారు. నిజానికి అది ఒక కంపెనీ పేరు, వాడుకలో అన్నిటికీ అంటుకుంది. 25 హెచ్‌పీ దాటితే పొగ నిబంధనలు కఠినమవుతాయి కాబట్టి అక్కడ 24 చిల్లర హెచ్‌పీ బండ్లు చాలా కనిపిస్తాయి. వాటికీ నాలుగడుగులే. ఒక సౌకర్యం ఏంటంటే చాలామంది ముందు లోడరు తగిలించుకుంటారు, ముందు టైర్లు లేచే బాధ తక్కువ. కోసేటప్పుడు లోడరు బకెట్ కిందికి దించి ఉంచమనండి.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలి?

గేర్ బాక్సు కూర్చున్న చోట రేకు చుట్టూ సన్నటి పగుళ్లు, వాటి మీద వేసిన వెల్డింగ్ మచ్చలు. షాఫ్టు కొనను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, టక్‌టక్‌మంటే బేరింగు పోయింది. కింద నూనె మరక. కత్తులు రెండూ ఒకే జత అయి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది అయితే బరువు తేడాతో బండంతా వణికిపోతుంది. ఒకటి విరిగినా రెండూ మార్చాలి.

కోసేటప్పుడు మనుషులు ఎంత దూరంలో ఉండాలి?

నాలుగడుగుల స్లాషర్ కత్తి కొస గంటకు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. గులకరాయి తగిలితే దాదాపు అదే వేగంతో బయటికొస్తుంది. వంద మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. ముందూ వెనకా గొలుసుల తెర ఉన్నదే కొనండి. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవద్దు. పీటీఓ ఆపాక కూడా కత్తులు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, కింద చప్పుడు పూర్తిగా ఆగేదాకా సీటు మీదే కూర్చోండి.